ఫ్యామిలీ గ్రూపులో జెండా గొడవ

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. తమ్ముడు 2019లో చదువుకని కెనడా వెళ్ళాడు. ఇప్పుడు టొరంటోలో ఉద్యోగం. పోయినేడు పీఆర్ కూడా వచ్చింది. మొన్న ఆగస్టు 15న పొద్దున్నే ఆరున్నరకి నాన్న మా ఫ్యామిలీ గ్రూపులో "స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు" అని రాసి, పక్కన జెండా ఎమోజీ పెట్టారు. రెండు నిమిషాలు కాకముందే తమ్ముడు పగలబడి నవ్వే ముఖాలు మూడు, వాటి పక్కన కెనడా జెండా పెట్టాడు. నాన్న ఏమీ అనలేదు. జెండా వందనానికి స్కూలువాళ్ళు పిలిస్తే వెళ్ళొచ్చారు. వచ్చి గ్రూపులోంచి బయటికి వెళ్ళిపోయారు. "జెండాని చూసి నవ్వేవాడితో నాకు మాటల్లేవు" అన్నారట అమ్మతో. పది రోజులైంది, తమ్ముడు ఫోన్ చేస్తే అమ్మకి ఇచ్చేస్తున్నారు.

ఇంకోటి. నాన్న ఫోన్లో తమ్ముడి పేరు పక్కనే కెనడా జెండా ఉంటుంది. "పేరుకి కూడా అదే తగిలించుకున్నాడు" అని ఆయన బాధ. నా ఫోన్లో మాత్రం వాడి పేరు పక్కన ఏ జెండా లేదు. మా ఆయనేమో "ఎమోజీకి అంత అర్థం ఉండదు, వదిలెయ్" అంటారు. అసలు మెసేజుల్లో జెండా పెడితే ఏమిటర్థం? తమ్ముడు నిజంగానే మారిపోయాడా? ఆ రెండు మెసేజులూ ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి కింద పెడుతున్నాను.
ఒక అక్క, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరాన్ని ఆఫీసు కంప్యూటర్లో చదవడం మంచిదైంది. ఫోన్లో చదివి ఉంటే అసలు సంగతి నా కంటికీ ఆనేది కాదు.

విండోస్ కంప్యూటర్లతో ఒక తంటా ఉంది. నవ్వే ముఖాలు, దండాలు, పువ్వులు అన్నీ బొమ్మలుగానే చూపిస్తాయి గానీ, దేశాల జెండాలు మాత్రం చాలాసార్లు చూపించవు. జెండా ఉండాల్సిన చోట రెండు ఇంగ్లిష్ అక్షరాలు పెట్టి ఊరుకుంటాయి. మీ తమ్ముడి జవాబులో మూడు నవ్వుల పక్కన సీ, ఏ అని ఉంది. అబ్బాయి చార్టర్డ్ అకౌంటెంట్ కాబోలు అనుకున్నాను ముందు. తర్వాత తట్టింది, అది కెనడా అని. మరి మీ నాన్నగారి శుభాకాంక్షల పక్కన ఐ, ఎన్ ఉండాలి కదా? లేదు. ఎన్, ఇ అని ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఎన్, ఇ.

అది నైజర్ దేశం అమ్మా. పశ్చిమ ఆఫ్రికాలో ఉంది, నియామీ రాజధాని. వాళ్ళ జెండాలో పైన నారింజ, మధ్యలో తెలుపు, కింద ఆకుపచ్చ. మనకి నీలం చక్రం ఉండే చోట వాళ్ళకి నారింజ రంగు గుండ్రటి బొట్టు ఉంటుంది. గుడ్డ మీద చూస్తే చిన్నపిల్లాడైనా తేడా చెప్పేస్తాడు. ఫోన్లో ఆ బొమ్మ మినపగింజంత ఉంటుంది, మధ్యలో ఉన్నది చక్రమో బొట్టో రిటైరైన కళ్ళకి ఎలా తెలుస్తుంది? పైగా ఎమోజీల్లో జెండాలు చిట్టచివర ఉంటాయి. మా వయసువాళ్ళం వేలితో ఒక్క విసురు విసిరితే అది జింబాబ్వే దాటి అడుక్కి వెళ్ళి ఆగుతుంది. అక్కడినుంచి పైకి వెతుక్కుంటూ వస్తే ఇండియా కంటే ముందు తగిలేది నైజరే. ఆయనకి తగిలింది, నొక్కేశారు. ఈ తిప్పలు ఆయనొక్కరివే కావు. ఐర్లాండ్ వాళ్ళు ఐవరీ కోస్ట్ జెండాతో, ఇండోనేషియా వాళ్ళు మొనాకో జెండాతో ఇలాగే బోల్తా పడుతుంటారు.

తమాషా ఏమిటంటే, నైజర్ వాళ్ళ స్వాతంత్ర్య దినోత్సవం కూడా ఆగస్టులోనే. 1960 ఆగస్టు 3న ఫ్రాన్స్ చేతిలోంచి బయటపడ్డారు. ఆ లెక్కన మీ నాన్నగారు పన్నెండు రోజులు ఆలస్యంగా శుభాకాంక్షలు చెప్పారు, అంతే.

మీ తమ్ముడు నవ్వింది దీనికి. కెనడా జెండా ఎందుకు పెట్టాడంటారా, నాకు తోచింది చెబుతాను. "మీరు నైజర్ అయితే నేను కెనడా" అని అటెండెన్స్ పలికినట్టు పలికాడు. వాడి వయసువాళ్ళు స్నేహితుల మధ్య ఇలాగే ఆడుకుంటారు. మాటకి మాట కాదు, బొమ్మకి బొమ్మ. నాన్న దగ్గర కూడా అలాగే ఆడాడు. పొరపాటు అక్కడుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు మీరడిగిన దానికి వస్తాను. జెండా పెడితే ఏమిటర్థం?

మీ ఆయన అన్నట్టు అర్థం ఉండదని కాదు. అది ఎక్కడ వేలాడుతోందో చూసి అర్థం తీసుకోవాలి. ఇందాక ఆ రెండు అక్షరాల సంగతి చెప్పాను కదా, నిజానికి ఫోన్లో జెండా అనే బొమ్మ వేరే ఏమీ దాచి ఉండదు. ఎమోజీల లెక్కలు చూసే యూనికోడ్ వాళ్ళు 2010లో ఇంగ్లిష్ అక్షరాలకి ఇరవై ఆరు ప్రత్యేక గుర్తులు ఇచ్చారు. ఐ గుర్తూ ఎన్ గుర్తూ పక్కపక్కన వస్తే ఫోను దాన్ని ఇండియా అని తెలుసుకుని జెండా గీస్తుంది. గీయడం ఇష్టం లేని కంప్యూటరు అక్షరాలే చూపించేస్తుంది. అంటే మన ఫోన్లోంచి అవతలికి వెళ్ళేది జెండా కాదు, దేశం పేరుకి పొట్టి రూపం. ఉత్తరం కవరు మీద పిన్‌కోడ్ లాంటిది.

జనం వాడకం కూడా చాలావరకు పిన్‌కోడ్ వాడకమే. మా వీధిలో ఆవకాయ, గోంగూర పచ్చడి పార్సిళ్ళు పంపే ఆవిడ స్టేటస్‌లో రోజూ ఆరు జెండాలుంటాయి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, సింగపూర్. ఆరు దేశాల మీద భక్తి ఉండి కాదు, "అక్కడికి కొరియర్ చేస్తాం" అని. పెళ్ళి సంబంధాల గ్రూపుల్లో అబ్బాయి ఎత్తు, గోత్రం, జీతం తర్వాత ఒక జెండా ఉంటుంది. అది చూసి కొందరు తల్లిదండ్రులు ముందుకొస్తారు, కొందరు అక్కడే ఆగిపోతారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మూడు సూట్‌కేసులతో ఫోటో దిగి, కింద మన జెండా, విమానం, ఇంకో జెండా పెట్టారంటే చుట్టాలందరికీ వేరే ఫోన్ చేసి చెప్పక్కర్లేదని. ఇవన్నీ అడ్రసులే. మీ తమ్ముడి కెనడా జెండా కూడా ఈ కట్టలోదే.

అడ్రసు కాని జెండాలూ ఉంటాయి. క్రికెట్ మ్యాచ్ గెలిచిన రాత్రి వరసగా ఇరవై జెండాలు వస్తే అవి కేకలు, వాటిని చదవక్కర్లేదు. 2022లో యుద్ధం మొదలైనప్పుడు ఎంతోమంది పేర్ల పక్కన ఉక్రెయిన్ నీలం, పసుపు జెండా వచ్చి చేరింది. అక్కడ మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు చాలామంది ఉండేవారు కాబట్టి మనవాళ్ళ స్టేటస్‌లలోనూ కనపడింది. అది "మీ వైపు ఉన్నాం" అని. ఇక మీ తమ్ముడి వయసువాళ్ళు జెండా పండగ రోజున పెట్టే మూడు రంగుల బొమ్మకి "నాకూ గుర్తుంది" అనే పాటి అర్థం ఉంటుంది. నమస్కారం పెడితే తిరిగి నమస్కారం పెట్టినట్టు.

ఒకే బొమ్మని రెండు తరాలు రెండు రకాలుగా చదువుకోవడం అంటారా, దాని దెబ్బ నేనూ తిన్నాను. కర్రకి కట్టిన ఎర్రటి మూడు మూలల జెండా ఒకటుంటుంది చూడండి. ఏ దేశానిదీ కాదది. మా వయసువాళ్ళకి అది గుడి మీద ధ్వజం, హనుమంతుడి జెండా. "జై హనుమాన్" అని రాసి పక్కన అది పెట్టకపోతే మాకు తృప్తి ఉండదు. మా చెల్లెలి కూతురికి సంబంధం కుదిరేలా ఉందని అబ్బాయి ఫోటో గ్రూపులో పెడితే, శుభం కలగాలని నేను మాటా పలుకూ లేకుండా ఆ జెండా ఒక్కటి పెట్టాను. రాత్రి పదకొండున్నరకి ఫోన్. "పెద్దమ్మా, అతని గురించి నీకేం తెలుసు? ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పు" అని ఏడుపు గొంతు. నాకు అయోమయం. వాళ్ళ భాషలో ఆ బొమ్మ రెడ్ ఫ్లాగట. అంటే ఈ మనిషితో జాగ్రత్త, ఏదో తేడా ఉంది అని హెచ్చరిక. నేను దీవించాననుకున్నాను, వాళ్ళింట్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. పెళ్ళయింది, బాగున్నారు. ఇప్పటికీ ఆ అల్లుడు నన్ను చూస్తే కొంచెం బిగుసుకుంటాడు.

కాబట్టి మీ నాన్నగారు ఆ మెసేజుని చదువుకున్న తీరులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆయన ఎలా చదువుకుని ఉంటారో ఒక్కసారి చూడండి. హెడ్మాస్టరుగా ఎన్ని జెండా పండగలు చేయించి ఉంటారు! ముందురోజు సాయంత్రమే బీరువాలోంచి జెండా తీసి, ఇస్త్రీ చేయించి, కాషాయం పైకి వచ్చేలా చూసుకుని, మధ్యలో బంతిపూల రేకులు పోసి మడత పెట్టడం. ముడి గట్టిగా ఉండాలి, కానీ తాడు ఒక్క లాగు లాగగానే జారాలి. జారకపోతే వచ్చిన సర్పంచి గారు కిందనుంచి తాడు గుంజుతుంటారు, పిల్లలు కిసుక్కున నవ్వుతారు, హెడ్మాస్టరుకి చెమటలు పడతాయి. జెండా దగ్గర నవ్వు అంటే ఆయనకి గుర్తొచ్చేది ఆ నవ్వు. రిటైరైన మనిషిని స్కూలువాళ్ళు ఇంకా పిలుస్తున్నారంటే ముడి కట్టడానికి ఆయన చెయ్యే కావాలేమో కూడా. ఆ పొద్దున, తెల్లబట్టలు వేసుకుని బయల్దేరే ముందు, కొడుకు దగ్గర్నుంచి మూడు పగలబడి నవ్వే ముఖాలు వచ్చాయి. ఏ తండ్రికైనా కాలదా?

ఇక మీ తమ్ముడి వైపు. ఇక్కడ ఆగస్టు 15 పొద్దున ఆరున్నర అంటే టొరంటోలో 14వ తేదీ రాత్రి తొమ్మిది. వాడికింకా ఆగస్టు 15 రానే లేదు. రోజంతా పనిచేసి వచ్చి సోఫాలో కూలబడిన పిల్లాడికి నాన్న నుంచి మెసేజ్ వచ్చింది, రెండు నిమిషాల్లో తెరిచాడు. మా పెళ్ళికి వచ్చిన టెలిగ్రాములు గుర్తొచ్చాయి నాకు. అప్పట్లో శుభాకాంక్షల వాక్యాలకి అంకెలుండేవి, పంపేవాళ్ళు అంకె వేస్తే చాలు, ఇవతల వాక్యం అచ్చై వచ్చేది. అందరి టెలిగ్రాముల్లోనూ అదే దీవెన. మా మామగారు ఒక్కటీ చదవలేదు. పేర్లు మాత్రం చూసుకుని, ఎవరెవరు పంపలేదో వేలి మీద లెక్క తీశారు. మారిపోయిన కొడుకు నాన్న మెసేజుని అన్నేసి బొమ్మలతో రెండు నిమిషాల్లో పలకరించడమ్మా. చూసి వదిలేస్తాడు.

అలాగని వాడు ముత్యం అనను. పాతికమంది చుట్టాలున్న గ్రూపులో, అందులోనూ ఆ రోజున, "నాన్నా, అది నైజర్ జెండా" అని ఒక్క ముక్క రాయకుండా నవ్వడం తెలివితక్కువ పని. నాన్నకి విడిగా మెసేజ్ పెట్టి ఉంటే ఆయన దాన్ని తీసేసి సరైనది పెట్టుకునేవారు, ఎవరికీ తెలిసేది కాదు. ఈ మాట మీరు వాడితో గట్టిగానే అనండి. అక్కగారికి ఆ హక్కుంది.

పీఆర్ సంగతి మీరు అడక్కుండానే అడిగారు. పీఆర్ వచ్చినంత మాత్రాన కెనడా పౌరుడు అయిపోడు. అది అక్కడ స్థిరంగా ఉండటానికి అనుమతి, పాస్‌పోర్టు మన ఇండియాదే ఉంటుంది. పౌరసత్వం కావాలంటే మామూలుగా అయిదేళ్ళలో 1,095 రోజులు ఆ దేశంలో ఉండాలి, మిగతా షరతులు తీరాలి, పరీక్ష రాయాలి, ప్రమాణం చెయ్యాలి. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి, ఆ రోజు వస్తే మన పాస్‌పోర్టు అప్పగించాలి. అది నాన్నతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం, ఎమోజీతో తెలిసేది కాదు.

ఇప్పుడేం చెయ్యాలో చెబుతాను. నైజర్ సంగతి నాన్నగారికి మీరు చెప్పకండి. పది రోజులు కోపంగా ఉన్న మనిషికి "తప్పు మీదే, మీరు పెట్టింది మన జెండా కాదు" అని కూతురు చెబితే, ఉన్న కోపానికి చిన్నతనం తోడవుతుంది. అమ్మకి చెప్పండి, చెవిలో. తమ్ముడికి ఫోన్ చేసి మొత్తం కథ చెప్పండి, నాన్న గ్రూపులోంచి ఎందుకు వెళ్ళారో వాడికి ఇప్పటికీ తెలిసి ఉండదని నా అనుమానం. ఆ తర్వాత వాణ్ణే చేయమనండి, వీడియో కాల్. నాన్నగారు పొద్దున కాఫీ తాగి పేపరు మడిచే వేళకి. క్షమాపణతో మొదలుపెట్టొద్దనండి, సంజాయిషీతో అసలే వద్దు. "ఈసారి స్కూల్లో జెండా ఎవరు ఎగరేశారు నాన్నా, ముడి మీరే కట్టారా" అని అడగమనండి. ఆయన రెండు మాటలు మాట్లాడాక అప్పుడు, "నాన్నా, ఆ రోజు నేను నవ్వింది ఎందుకో తెలుసా" అని చెప్పుకోవచ్చు. ఫోన్ అమ్మ చేతికి వెళ్ళిపోకుండా చూడాల్సిన బాధ్యత అమ్మది. ఆ టైముకి ఆవిడ పెరట్లో ఉంటే సరి.

ఆయన నవ్వుతారనే అనుకుంటున్నాను. ఎందుకంటే జెండా మధ్యలో బొమ్మ మారితే ఏమవుతుందో ఆయనకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా చూపించిన కథ ఏటా మైకులో చెప్పే ఉంటారు. 1931 నాటికి రంగులు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అయ్యాయి, మధ్యలో రాట్నం. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆ రాట్నం తీసి అశోక చక్రం పెట్టింది. మధ్యలో రాట్నముంటే ఆ జెండా, చక్రముంటే ఈ జెండా, నారింజ బొట్టుంటే నైజర్ జెండా. వచ్చే జనవరి 26న పిల్లలకి ఆయనే ఈ కథ చెప్పినా చెబుతారు. ఒకవేళ "అయ్యో, జెండా విషయంలో తప్పు చేశానే" అని నొచ్చుకుంటే, మన జెండాకి ఏ అవమానమూ జరగలేదని, ఆఫ్రికాలో ఒక దేశానికి మాత్రం ఉట్టి పుణ్యానికి గౌరవం దక్కిందని చెప్పండి.

గ్రూపులోకి ఆయన్ని మీరే తిరిగి లాక్కురాకండి. అడిగినప్పుడు చేర్చండి. ఎమోజీ దగ్గర వెతుకుడు గుర్తు నొక్కి ఇంగ్లిష్‌లో ఇండియా అని కొడితే మన జెండా తేలిగ్గా దొరుకుతుందని ఎవరైనా ఒకసారి చేసి చూపిస్తే బాగుంటుంది. ఒకసారి వాడితే తర్వాత అది ఇటీవల వాడిన వాటిలో ముందే కనపడుతుంది, జింబాబ్వే దాకా వెళ్ళే పని ఉండదు.

చివరగా ఆ పేరు పక్కన జెండా. మీ ఫోన్లో కనపడటం లేదని మీరే రాశారు, జవాబు అందులోనే ఉంది. వాట్సాప్‌లో మనం నంబరు సేవ్ చేసుకున్న మనిషి పేరు, మనం ఏమని సేవ్ చేసుకున్నామో అలాగే కనపడుతుంది. వాళ్ళు తమకి తాము ఏం పెట్టుకున్నా మనకి పైన కనపడదు. అంటే నాన్నగారి ఫోన్లో కెనడా జెండా తగిలించింది మీ తమ్ముడు కాదు. ఆ ఫోన్లో కెనడా నంబరు ఎక్కించినవాళ్ళెవరో, పాత ఇండియా నంబరుతో కలిసిపోకుండా గుర్తు కోసం పెట్టారు. మీరు కాదు, మీ అమ్మగారు కాదు. సెలవులకి తాతగారింటికి వచ్చి ఆయన ఫోను సెట్ చేసి పెట్టే పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉన్నారా? ఉంటే ఒకసారి అడిగి చూడండి, ఏం చెప్పారో నాకూ రాయండి.